సంగనకల్లు గుట్టలు: ఒకసారి తవ్విన ఊరిని మళ్ళీ ఎందుకు తవ్వారు?

బళ్ళారి పక్కనున్న సంగనకల్లు, కుప్పగల్లు గుట్టల మీది నవీన శిలాయుగపు వ్యవసాయ గ్రామం గురించి, అక్కడ జరిగిన పునఃతవ్వకాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కుదించాము.

ప్రశ్న: సంగనకల్లును 1940లలో ఒకసారి, 1960లలో మరొకసారి తవ్వి నివేదికలు ప్రచురించారని చదివాను. అలాంటప్పుడు అదే చోట మళ్ళీ తవ్వవలసిన అవసరం ఏమి వచ్చింది? మొదటివారి పని సరిగా లేదని దీని అర్థమా?
— ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: మొదటివారి పని సరిగా లేదని ఎంతమాత్రం అర్థం కాదు. వారు వేసుకున్న ప్రశ్నలకు వారి కాలంలో ఉన్న సాధనాలతో సాధ్యమైనంత మంచి జవాబులే రాబట్టారు. తరువాతి తరాలవారు వేరే ప్రశ్నలతో అదే గుట్ట ఎక్కారు.

ఈ గుట్టల మీద నునుపుగా అరగదీసిన రాతి గొడ్డళ్ళు దొరుకుతాయని లోకానికి చెప్పినవాడు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాలలో ఆయన బళ్ళారి జిల్లా అంతా తిరిగి, పైకి తేలిన పనిముట్లను ఏరి, వాటి చోట్లను నమోదు చేశాడు. ఆయన ఏరినవి నేల మీదివి కాబట్టి ఏది ముందుది, ఏది వెనుకది అని చెప్పడానికి ఆధారం లేకపోయింది. ఆ లోటును తీర్చడానికి పూనుకున్నవారు పుణే దక్కన్ కళాశాలకు చెందిన బెండపూడి సుబ్బారావు. తెలుగువారైన ఈ పరిశోధకుడు 1940ల రెండవ అర్ధంలో సంగనకల్లులోని సన్నరాచమ్మ గుట్ట మీద తవ్వి, అడుగున చిన్న చిన్న రాతి పనిముట్లు, వాటిపైన నునుపు గొడ్డళ్ళూ చేతితో చేసిన కుండలూ ఉన్న పొర, ఆపైన బృహత్ శిలాయుగపు (పెద్ద రాళ్ళతో సమాధులు కట్టిన కాలపు) కుండలు వరుసగా వస్తున్నాయని చూపించారు. బళ్ళారి శిలాయుగ సంస్కృతులపై ఆయన గ్రంథం 1948లో వెలువడింది. బొగ్గు, గింజల వంటి వాటి వయసును కొలిచే రేడియో కార్బన్ పద్ధతిని విల్లర్డ్ లిబ్బీ బృందం ప్రకటించింది 1949లో. అంటే సుబ్బారావు గారు పొరల వరుసను చెప్పగలిగారు గాని, ఆ పొరలు ఎన్ని వేల ఏళ్ళ నాటివో కొలిచే సాధనం ఆయన పుస్తకం అచ్చయ్యేనాటికి ప్రపంచంలోనే లేదు.

సాధనం లేనప్పుడు ఎంతటి పండితుడి అంచనా అయినా ఎలా తప్పుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో 1947లో తవ్వకం జరిపిన మార్టిమర్ వీలర్, దక్షిణాది రాతి గొడ్డళ్ళ సంస్కృతి క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది ఆరంభంలో మొదలై ఉంటుందని లెక్కవేశాడు. పాలమూరు ప్రాంతపు ఉట్నూరు నుంచి తీసిన బొగ్గుకు రేడియో కార్బన్ పరీక్ష జరిగాక, ఆ ఆరంభం క్రీ.పూ. మూడవ సహస్రాబ్దిలోకి, అంటే వెయ్యేళ్ళకు పైగా వెనక్కి జరిగింది.

1960లలో జెడ్.డి. అన్సారీ, ఎం.ఎస్. నాగరాజారావు సంగనకల్లులో మళ్ళీ తవ్వి సుబ్బారావు గారి క్రమాన్ని సరిచూశారు. అప్పటికి రేడియో కార్బన్ అందుబాటులోకి వచ్చింది కాని, ఒక్కో పరీక్షకు బొగ్గు ఎక్కువగా కావలసివచ్చేది, వచ్చిన తేదీకి ఇటూ అటూ వందేళ్ళ దాకా సందేహం మిగిలేది. పైగా బొగ్గు ముదురు మానుదైతే, ఆ మాను లోపలి భాగం పొయ్యిలోకి చేరకముందే వందల ఏళ్ళ వయసుదై ఉండవచ్చు. ఒక్క ఏడాదిలో పండి, ఆ ఏడాదే మాడిన గింజకు ఆ చిక్కు లేదు. ఒక్క గింజకే కాలనిర్ణయం చేయగల యాక్సిలరేటర్ మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చాక గాని సంగనకల్లు కాలక్రమం శతాబ్దాల స్థాయి నుంచి తరాల స్థాయికి దగ్గర కాలేదు.

ఈ సాధనాలతో 1990ల చివరి నుంచి ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయపు రవి కోరిశెట్టర్, ప్రాచీన సస్యశాస్త్రవేత్త డోరియన్ ఫుల్లర్, నికోల్ బోవిన్, మన పి.సి. వెంకటసుబ్బయ్య తదితరులు ఈ గుట్టల మీదికి తిరిగి వచ్చారు. 2000ల మొదటి దశాబ్దంలో సన్నరాచమ్మ గుట్టతో పాటు, ఎదురుగా ఉన్న హిరేగుడ్డ మీద కూడా విస్తృతంగా పని జరిగింది. సన్నరాచమ్మ మీద స్థిర నివాసపు పొరల కింద పశువుల పేడ కాలి ఏర్పడిన బూడిద దిబ్బ ఉందని, ఆ దిబ్బ క్రీ.పూ. 2000 సమీపానికి చెందినదని, దాని మీద కొన్ని తరాల తరువాత ఊరు వెలిసిందని, హిరేగుడ్డ మీద గొడ్డళ్ళ తయారీ క్రీ.పూ. 1400 తరువాత ముమ్మరమైందని ఈ దఫాలోనే స్పష్టపడింది. ఒకే ప్రాంతంలో మంద, ఊరు, కార్మికశాల ఏ వరుసలో వచ్చాయో ఇంత సన్నిహితంగా చెప్పగలిగిన చోట్లు దక్షిణాదిలో అరుదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. తవ్వకం అంటే ఆ పొరను శాశ్వతంగా తీసివేయడమే. ఒకసారి తీసిన మట్టిని ఎవరూ యథాస్థానంలో పెట్టలేరు. సుబ్బారావు గారు, ఆయన తరువాతివారు గుట్ట మొత్తాన్ని తవ్వేయకుండా అధిక భాగాన్ని ముట్టకుండా వదిలారు. 2000లలో వచ్చినవారికి పని మిగిలిందంటే, గింజలు దొరికాయంటే, ఆ సంయమనమే కారణమని నా అభిప్రాయం. ఇప్పటివారు కూడా అదే విధంగా కొంత భాగాన్నే తవ్వి మిగిలినదాన్ని ముందుతరాలకు వదిలారు.

ప్రశ్న: నాలుగు వేల ఏళ్ళ క్రితం అక్కడివారు ఏమి పండించి ఏమి తిన్నారో ఎలా తెలుస్తుంది? తిండి గింజలు అన్నాళ్ళు మట్టిలో నిలుస్తాయా?
— ఒక వ్యవసాయ కళాశాల విద్యార్థిని, తిరుపతి

జవాబు: మామూలు గింజ నిలవదు, మన వానలకు, చీమలకు, చెదలకు అది కొద్దికాలంలోనే మాయమవుతుంది. పొయ్యి దగ్గర చిందినదో, వేపేటప్పుడు మాడినదో, పొట్టుతో పాటు నిప్పులో పడినదో మాత్రం నల్లటి బొగ్గుగా మారుతుంది. బొగ్గును సూక్ష్మజీవులు తినవు కాబట్టి, గింజ ఆకారంలోనే అది వేల ఏళ్ళు మట్టిలో ఉండిపోతుంది. అయితే కొర్ర జాతి గింజ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. పారతో తీసి తట్టలో పోసిన మట్టిలో దాన్ని కంటితో గుర్తించడం అసాధ్యం. పాత తవ్వకాలలో గుట్ట పక్కన పారబోసిన మట్టిలో ఆ కాలపు తిండి ఎంత పోయిందో ఊహించవచ్చు.

అందుకే కొత్త తవ్వకంలో ప్రతి పొర నుంచి, ప్రతి పొయ్యి నుంచి, ప్రతి గుంట నుంచి లెక్కప్రకారం మట్టిని సంచుల్లో నింపి, ఏ సంచి ఎక్కడిదో రాసిపెట్టి, ఆ మట్టిని నీళ్ళలో కలిపి తేలుస్తారు. బియ్యం కడిగేటప్పుడు తాలు గింజ పైకి తేలినట్టు, తేలికైన బొగ్గు గింజలు నీటిమీదికి వస్తాయి. వాటిని అర మిల్లీమీటరు కన్నా సన్నని కన్నులున్న జల్లెడలో పట్టి, ఎండకు పగలకుండా నీడలో ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా పోల్చుకుంటారు. ఏ గింజో తేల్చడానికి దాని పరిమాణం, మొలక భాగపు ఆకృతి, పొట్టు మీది గీతలు ఆధారమవుతాయి. కంటికీ నడుముకూ శ్రమ కలిగించే పని ఇది. తవ్వకం కొన్ని వారాల్లో ముగిసినా గింజల పని ఏళ్ళ తరబడి సాగుతుంది.

ఈ విధంగా సంగనకల్లులోనూ, దక్షిణాది నవీన శిలాయుగపు ఇతర గ్రామాలలోనూ మళ్ళీ మళ్ళీ కనిపించిన పంటలు ప్రధానంగా నాలుగు: అండుకొర్ర, కొర్రకు దగ్గరి బంధువైన మరొక చిరుధాన్యం, పెసర, ఉలవ. నాలుగూ వానాకాలపు పంటలే, నాలుగూ ఈ నేలకు సహజంగా తగినవే. ఏడాదికి సుమారు 500 మిల్లీమీటర్ల వాన పడే బళ్ళారి ప్రాంతంలో తొలకరికి విత్తి వానలు వెళ్ళేలోగా కోసుకోగల పంటలు ఇవి. వరిని ఆధారం చేసుకొని దక్షిణాదిలో వ్యవసాయం మొదలైందని, లేదా ఉత్తరాది నుంచి గోధుమ, యవలు వచ్చాకే మొదలైందని చాలాకాలం అనుకున్న భావనలను ఈ చిన్న గింజలు తోసిపుచ్చాయి. దక్షిణ భారతం తన సొంత పంటలతో వ్యవసాయం ఆరంభించిన ప్రాంతాలలో ఒకటి అని పరిశోధకులు ఇప్పుడు బలంగా వాదిస్తున్నారు.

గోధుమ, యవలు కూడా దొరికాయి గాని, తక్కువగా. అవి చలికాలపు పంటలు కాబట్టి, నల్లరేగడి తేమను గాని, చేతితో పోసే నీటిని గాని నమ్ముకొని కొద్ది చేలల్లో పండించి ఉండాలి. రోజువారీ తిండికి కాక విశేష సందర్భాలకు వాడారేమోనన్న అభిప్రాయం ఉంది. కాలం గడిచేకొద్దీ కంది, అనుము వంటి పప్పుజాతులు కూడా ఈ ప్రాంతంలో కనిపిస్తాయి. కంది తూర్పు మధ్య భారతపు అడవుల వైపు నుంచి, అనుము ఆఫ్రికా వైపు నుంచి వచ్చినవని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ధారించారు. బళ్ళారి గుట్ట మీది రైతు ఇంట అవి కనిపించడమంటే, విత్తనాలు చేతులు మారుతూ ఎంత దూరాలు నడిచాయో తెలుస్తోంది.

ఈ పంటల జాబితా ఒక్క బళ్ళారికే పరిమితం కాదు. కడప జిల్లా హనుమంతరావుపేట, పెద్దముడియం, అనంతపురం జిల్లా వేల్పుమడుగు వంటి చోట్ల మట్టినీ ఇదే పద్ధతిలో పరీక్షించారు. మీరు వ్యవసాయ విద్యార్థిని కాబట్టి ఇంకొక విషయం గమనించదగినది. అండుకొర్రను నేటికీ అనంతపురం ప్రాంతపు దక్షిణ భాగంలోను, పక్కనున్న తుమకూరు, చిత్రదుర్గ జిల్లాలలోను కొందరు రైతులు పండిస్తున్నారు. నాలుగు వేల ఏళ్ళుగా ఒకే ప్రాంతంలో నిలిచిన సాగు ప్రపంచంలో ఎక్కడ ఉన్నా దానిని విలువైన వారసత్వంగా చూస్తారు; మన చేలల్లో ఉన్నది కాబట్టి మనం దాన్ని తేలికగా చూడవలసిన పని లేదు. పరిశోధనా కేంద్రాలు ఆ రైతుల దగ్గరి నాటు విత్తనాన్ని సేకరించి భద్రపరచడం చాలా అవసరం.

ప్రశ్న: మా ప్రాంతంలోని బూడిద దిబ్బకూ ఈ సంగనకల్లుకూ సంబంధం ఉందా? అవి నిజంగా రాక్షసుల చితాభస్మమేనని మా పెద్దలు చెబుతారు.
— ఒక పాఠకుడు, నారాయణపేట

జవాబు: సంబంధం ఉంది. హంపీ దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితాభస్మమని అక్కడివారు చెప్పుకుంటారు. ఇంత బూడిద ఇక్కడికి ఎలా వచ్చిందన్న సహజమైన సందేహం నుంచే అటువంటి కథలు పుట్టాయి. చదువుకున్నవారి ఊహలు కూడా తక్కువ సాహసవంతమైనవి కావు: అగ్నిపర్వతపు బూడిద అని కొందరు, ఇనుము కరిగించిన చిట్టెం అని కొందరు, సామూహిక దహనాల గుర్తు అని కొందరు రాశారు. పేడ కాలిన బూడిద అని ఫుట్ చెప్పాడు; 1960 ప్రాంతంలో ఫ్రెడరిక్ జాయినర్ ప్రయోగశాలలో పరీక్షించి దానిని నిర్ధారించాడు. విపరీతమైన వేడికి పేడలోని ఇసుక పదార్థం కరిగి గాజులా గట్టిపడడం వల్లనే అది చిట్టెంలా కనిపించి అందరినీ తప్పుదారి పట్టించింది.

మీకు దగ్గరలోని ఉట్నూరు (ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని కృష్ణా తీరపు ఊరు) దిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ తవ్వాడు. కర్రలు పాతిన గుంటల వరుసలను బట్టి అది దడి కట్టిన పశువుల దొడ్డి అని తేల్చాడు. బూడిదలో పశువుల గిట్టల ముద్రలు కూడా చెక్కుచెదరకుండా దొరికాయి. పేరుకున్న పేడను ఏటేటా పండుగ మంటలుగా కాల్చి ఉంటారని ఆల్చిన్ భావించాడు. తరువాత కె. పద్దయ్య గుల్బర్గా ప్రాంతపు బూదిహాళ్‌లో చాలా సంవత్సరాలు తవ్వి, దిబ్బ పక్కనే మనుషుల నివాసం, పశువుల దొడ్డి కలిసి ఉన్నాయని చూపించి, దిబ్బలు కేవలం సంచార కాపరుల మజిలీలు కావని వాదించారు. సన్నరాచమ్మ మీద బూడిద దిబ్బపైనే ఊరు వెలిసిందన్న ఆధారం ఈ చర్చలో ముఖ్యమైన భాగం. అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఇటువంటి దిబ్బ ఉంది, దానిపై వి. రామిరెడ్డి చేసిన కృషి ప్రసిద్ధం.

మీ ఊరి పెద్దల కథను కూడా రాసిపెట్టండి. కథ నిజమా కాదా అన్నది అలా ఉంచితే, దిబ్బను పవిత్రంగానో భయంగానో చూసిన ఊళ్ళలోనే అది మిగిలింది. ఎరువు కోసం బండ్లకెత్తిన చోట్ల ఆనవాలు కూడా లేదు.

ప్రశ్న: సంగనకల్లువాసులు మాట్లాడినది తెలుగేనా, కన్నడమా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాత లేని కాలపు నోటిమాటను మట్టి చెప్పదు. ఆనాటికి తెలుగు, కన్నడం వేరువేరు భాషలుగా ఉన్నాయని అనుకోవడానికి కూడా ఆధారం లేదు. ద్రావిడ భాషలలోని పంటల పేర్లను పోల్చి, వాటి మూలరూపాలను ఊహించి, తవ్వకాలలో దొరికిన పంటలతో సరిచూసే ప్రయత్నాన్ని ఫ్రాంక్లిన్ సౌత్‌వర్త్, డోరియన్ ఫుల్లర్ వంటివారు చేశారు. నవీన శిలాయుగపు దక్షిణాది రైతులలో కొందరైనా ద్రావిడ భాషల పూర్వరూపాలు మాట్లాడి ఉండవచ్చన్నది దాని నుంచి వచ్చిన ప్రతిపాదన. ప్రతిపాదనను ప్రతిపాదనగానే తీసుకోవాలి. దానిని పట్టుకొని బళ్ళారి ఏ రాష్ట్రానికి చెందాలన్న 1953 నాటి సరిహద్దు వాదాలను నాలుగు వేల ఏళ్ళ వెనక్కి తీసుకుపోవడం ఏ పక్షానికీ న్యాయం కాదు.

ప్రశ్న: అక్కడ గంటలా మోగే బండలు ఉన్నాయని విన్నాను. వాటికీ వ్యవసాయ గ్రామానికీ ఏమిటి సంబంధం? క్వారీల వల్ల గుట్టకు ప్రమాదమన్న మాట నిజమేనా?
— ఒక ఇంజనీరు, బెంగళూరు

జవాబు: హిరేగుడ్డ గ్రానైట్ గుట్ట. దానిని చీల్చుకొని డోలరైట్ అనే నల్లరాయి ఒక పొడవైన చారగా పైకి వచ్చింది. భూవిజ్ఞానులు దాన్ని డైక్ అంటారు. గ్రామస్థుల గొడ్డళ్ళకు ముడిసరుకు ఈ నల్లరాయే. దానిని పగలగొట్టి, పెచ్చులు తీసి రూపు తెచ్చి, చిన్నగా మొత్తి సవరించి, చివరకు నీళ్ళతో బండ మీద అరగదీసి నునుపు చేసేవారు. హిరేగుడ్డ మీద ఒక కట్టడం దగ్గర తవ్వితే, ఈ పనిలో రాలిన పెచ్చులు, సగంలో విరిగి పారేసిన గొడ్డళ్ళు గుట్టలుగా బయటపడ్డాయి. ఒక ఊరి అవసరానికి మించిన తయారీ అది. చుట్టుపక్కల గ్రామాలకు ఇక్కడి నుంచి గొడ్డళ్ళు వెళ్ళాయని పరిశోధకులు భావిస్తున్నారు. బండల మీద అరగదీత వల్ల ఏర్పడిన నున్నటి గుంటలు నేటికీ కనిపిస్తాయి.

ఆ డైక్ బండల మీదే మూపురంతో, పొడవైన కొమ్ములతో ఉన్న ఎద్దుల బొమ్మలు, మనుషుల బొమ్మలు వందలాదిగా పొడిచి చెక్కి ఉన్నాయి. ఈ బొమ్మల గురించి 1892లోనే ఫాసెట్ అనే ఆంగ్లేయ అధికారి రాసినా, తరువాత ఆ చోటు పండితుల దృష్టి నుంచి జారిపోయి, ఇటీవలి పరిశోధన కాలంలో మళ్ళీ గుర్తింపు పొందింది. అక్కడి కొన్ని బండలను రాతితో కొడితే లోతైన గంట నాదం వస్తుంది. అటువంటి బండల మీద పదే పదే కొట్టినందువల్ల పడిన గుంటలు కనిపించడంతో, బొమ్మలు చెక్కడం, శబ్దం పుట్టించడం ఒకే ఆచారంలో భాగమై ఉండవచ్చని నికోల్ బోవిన్ 2004లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించారు. గొడ్డలికి రాయి ఇచ్చిన డైక్, ఎద్దుల బొమ్మలకు చోటిచ్చిన డైక్, మోగే డైక్ ఒకటే కావడం గ్రామస్థుల దృష్టిలో ఆ రాతికి ఎంత ప్రాముఖ్యం ఉండేదో చెబుతోంది.

క్వారీల మాట నిజమే. ఈ గుట్టలలో గ్రానైట్ తవ్వకం కొన్ని భాగాలను ఇప్పటికే దెబ్బతీసిందని, మిగిలినదైనా కాపాడాలని బోవిన్ బృందం అప్పట్లోనే హెచ్చరించింది. కంకరకు రాయి మరెక్కడైనా దొరుకుతుంది. మీరు ఇంజనీరు కాబట్టి చెబుతున్నాను: మీ సంస్థ కొనే కంకర, గ్రానైట్ ఏ గుట్ట నుంచి వస్తున్నదో అడిగి తెలుసుకోవడం కూడా ఒక ఉపయోగకరమైన పని. బళ్ళారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పేరుతో సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల ఉంది. గుట్టకు వెళ్ళే ముందు దానిని చూస్తే బండల మీద ఏమి చూడాలో తెలుస్తుంది. బండలను మోగించి చూడాలన్న కోరికను మాత్రం దయచేసి ఆపుకోండి, ఎందుకంటే కొత్త దెబ్బ పాత గుర్తును చెరిపివేస్తుంది.

ప్రశ్న: మా చేనికి పాటిమన్ను తోలినప్పుడు నల్లటి, నున్నటి గొడ్డలి లాంటి రాయి దొరికింది. ఏమి చేయాలి?
— ఒక రైతు, వైఎస్సార్ కడప జిల్లా

జవాబు: ముందుగా ఆ మన్ను ఎక్కడి నుంచి తెచ్చారో ఆ చోటును గుర్తుపెట్టుకోండి, రాయి కన్నా ఆ చోటే విలువైనది. పాటిమన్ను అంటే పాత ఊరి మన్ను, అందులో బూడిద, ఎముకలు, కుండపెంకులు, పైన చెప్పిన మాడిన గింజలు కలిసి ఉంటాయి. పైరుకు బలాన్నిచ్చేది అదే, చరిత్రకు ఆధారమూ అదే. మిగిలిన మన్నును అక్కడి నుంచి తీయడం ఆపి, రాయిని కడగకుండా, అరగదీయకుండా ఒక కాగితంలో చుట్టి, దొరికిన చోటు, తేదీ, ఎంత లోతులో ఉన్నదీ రాసిపెట్టండి. చోటును, రాయిని ఫోటోలు తీయండి.

తరువాత మీ తహసీల్దారు కార్యాలయానికి గాని, రాష్ట్ర పురావస్తు శాఖకు గాని రాతపూర్వకంగా తెలియజేయండి. నేలలో దొరికిన పది రూపాయలకు మించిన విలువగల వస్తువును కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది కాబట్టి, చెప్పడం వల్ల మీకు రక్షణే తప్ప నష్టం లేదు. దగ్గరి విశ్వవిద్యాలయంలో చరిత్ర, పురావస్తు విభాగం ఉంటే వారికి కూడా ఫోటోలు పంపండి. ఎవరైనా వచ్చి కొంటామంటే అమ్మకండి, లోతుగా తవ్వి చూద్దామని ఎవరైనా ప్రోత్సహిస్తే ఒప్పుకోకండి. అనుమతి లేని తవ్వకం చట్టవిరుద్ధం, పైగా పొరలు కలిసిపోయాక నిపుణుడు వచ్చినా చెప్పగలిగింది ఏమీ ఉండదు. అదే పాటి మీద మీ ఊళ్ళో ఇంకెవరికైనా ఇటువంటి రాళ్ళు గాని, బూడిద రంగు కుండపెంకులు గాని దొరికాయేమో అడిగి, ఆ వివరాలను కూడా మీ దరఖాస్తుకు జతచేయండి.